ఆట రోజు గంజి

మొక్కజొన్న గంజి అడుగంటకుండా అరబా గరిటె తిప్పుతూనే ఉంది. లావుపాటి మనిషి, పొట్టి మెడ, పొయ్యి సెగకి నిగనిగలాడే ముంజేతులు. స్వీడ్రూ ఊళ్లో రెండో డివిజన్ ఫుట్‌బాల్ జట్టు కుర్రాళ్లందరూ ఉండేది ఈ ఇంట్లోనే, వాళ్లకి వండిపెట్టేది ఆమే. ఆట రోజు పొద్దున వాళ్లకి గంజి తప్ప ఏమీ పెట్టకూడదని కోచ్ అన్సా ఆర్డరు.

ఎడమ వైపు ఆడే ఫీఫీ వంటింట్లోకి తొంగిచూశాడు. "అత్తా, ఒక్క ఫుఫు ముద్ద పెట్టవూ! ఈ నీళ్లు తాగి ఎవడు పరిగెడతాడు?"

"పోయినసారి దొంగతనంగా రెండు ముద్దలు మింగి, సగం ఆటకే గీత పక్కన కూలబడ్డావు. సిగ్గు లేదూ?"

"ఈసారి కూలబడను. నీ మీదొట్టు!"

అరబా నవ్వింది గానీ గరిటె ఆగింది. వీణ్ణి చూడ్డానికే ఇవాళ కుమాసి నగరం నుంచి పెద్ద క్లబ్బు మనిషి వస్తున్నాడు. నచ్చితే సాయంత్రమే కారెక్కించుకుపోతాడు. ఈ జట్టు బతికేదే అలా కుర్రాళ్లని తయారుచేసి పైకి పంపడం మీద. ఎంతమందిని పంపినా ఆమెకి ఇంత బెంగ ఎప్పుడూ పుట్టలేదు. వీడు పోతే వంటింట్లో వాగేవాడుండడు. తన కోసం ఫుఫుకని ఉడికించుకున్న కర్రపెండలం రోట్లో ఉంది. రెండు ముద్దలు దంచి పెడితే చాలు, వీడి కాళ్లు కదలవు, వీడు ఎక్కడికీ పోడు. రోకలి చేతిలోకి తీసుకుంది కూడా.

అప్పుడు అతని పిక్కలు కంటపడ్డాయి. వచ్చిన కొత్తలో పుల్లల్లా ఉండేవి. బొబ్బర్లూ చేపలూ వండిపెట్టి వాటికి కండ పట్టించింది తను. కుమాసి మనిషి ముందు వీడు ఆ కాళ్లు ఈడ్చుకుంటూ నడిస్తే పరువు పోయేది ఎవరిది?

రోకలి గోడకి ఆనించింది. "గంజి తాగు. ఫుఫు ఆటయ్యాక."

"నువ్వు రాక్షసివి అత్తా!"

మధ్యాహ్నం ఎర్రమట్టి మైదానంలో ఫీఫీని ఆపే మొనగాడే లేకపోయాడు. అతను రెండో గోలు కొట్టగానే, "అవీ కాళ్లంటే!" అని అరబా పక్కవాళ్ల చెవులు చిల్లులు పడేలా అరిచింది. కుమాసి మనిషి అప్పటికే కోచ్ చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు.

సాయంత్రం ఇంటి ముందు డ్రైవరు తొందరపెట్టాడు. ఫీఫీ ఆట బూట్లతోనే కారు పక్కన నిలబడి, వేళ్లు కాలుతున్నా ఫుఫు పులుసులో ముంచుకుని మింగాడు.

"అక్కడ వంటామె నీలా తిట్టదేమో అత్తా."

"తిట్టకపోతే తిండీ సరిగ్గా పెట్టదు. చూసుకో."

అతను ఎంగిలి చేత్తోనే ఆమె భుజం గట్టిగా పట్టుకుని వదిలాడు. కారు వెళ్లిపోయింది. అరబాకి ఏడుపు రాకపోలేదు గానీ, అంతకంటే గర్వమే ఎక్కువగా ఉంది. గిన్నె కడుక్కుని లోపలికి రాబోతూ ఆగింది.

వంటింటి గడప దగ్గర పొద్దున అతను విడిచిన హవాయి చెప్పులు, తెగిన పట్టీకి తీగ చుట్టినవి, ముందువైపు లోపలికే తిరిగి ఉన్నాయి.