ఆదివారపు చప్పిడి

2017 మే 15, సోమవారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలు. మబ్బు లేదు, ఆకు కదలడం లేదు. మలికిపురంలో మా శిబిరం వరండాకు తగిలించిన ఉష్ణమాపకం ఇరవైతొమ్మిది డిగ్రీలు చూపుతోంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న ముప్పై ఇద్దరు అమ్మాయిలు మైలు పరుగు మొదలుపెట్టారు. మూడో చుట్టులో సత్యప్రియ కుడి పిక్క పట్టుకుని కూలబడింది.

ఆమెది కాట్రేనికోన. రాతపరీక్ష నెగ్గింది. మే 29న జరిగే పరుగు నిర్ణీత సమయంలో పూర్తి చేయకపోతే ఆ నెగ్గడం వృథా. వయసు దాటిపోతోంది కనుక మరోసారి అవకాశం లేదు.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు కాలేజీలో శరీరధర్మశాస్త్రం బోధించి విరమించినదాన్ని. శిబిరంలో పిల్లల ఆరోగ్యం చూసే బాధ్యత నాకు అప్పగించారు. శిక్షకులు సత్యదుర్గారావు గారు సైన్యంలో పనిచేసి వచ్చినవారు. పిక్క పట్టేయడం భయానికి మరో పేరని ఆయన నమ్మకం. చెమట ఎక్కువై నీరు చాలడం లేదని నా నమ్మకం. మే ఒకటిన మొదటిసారి పట్టేసినప్పుడే, రోజుకు నాలుగు కొబ్బరి బొండాలు తాగమని ఆమెకు చెప్పాను. కోనసీమలో ఎవరికి నీరసం వచ్చినా మేము ముందు చెట్టు వైపే చూస్తాం. ఎనిమిదో తేదీన మళ్లీ పట్టేసింది. ఇది మూడోసారి.

ఆ మధ్యాహ్నం డాక్టరు గారు రక్తపరీక్ష చేయించి, సోడియం తక్కువగా ఉందన్నారు. అందరూ ఒకే వంటశాలలో ఒకే కూర తింటుంటే ఈమెకొక్కర్తికే ఉప్పు ఎందుకు చాలలేదు? నా నోటుపుస్తకంలో ప్రతి అమ్మాయి బరువు, నిద్ర, నెలసరి, తిండి రాసి ఉన్నాయి. రెండుసార్లు చదివినా కారణం కనిపించలేదు.

వంట చేసే కనకరత్నాన్ని అడిగాను. ఆవిడ గిన్నె తోముతూనే సమాధానమిచ్చింది.

"ఆదివారం ఆ పిల్లకి చప్పిడి కదండీ. పాలూ అన్నం, అరటిపండు. మజ్జిగలో ఉప్పు వెయ్యబోతే చెయ్యి పట్టేసుకుంటాది. మీరు ఆదివారాలు ఇంటికెళ్లిపోతారు, మీకెలా తెలుస్తాదండీ?"

నిజమే. నా పుస్తకంలో ఆదివారాలు లేవు. మే ఒకటి, ఎనిమిది, పదిహేను, మూడూ సోమవారాలే. ఆదివారం సాయంత్రం సత్యదుర్గారావు గారు అందరినీ ఇసుకలో గంటసేపు పరుగెత్తిస్తారు. ఉప్పంతా చెమటలో పోతుంది. తిండిలో తిరిగి రాదు. పైగా ఉప్పు పెద్దగా లేని నా బొండాలు నాలుగు, ఒంట్లో మిగిలిన ఉప్పును కూడా పలచన చేశాయి.

సత్యప్రియను పిలిచి అడిగితే తల దించుకుని చెప్పింది. ఆమె ఉద్యోగం కోసం నానమ్మ సూర్యనారాయణమూర్తికి మొక్కుకుందట. ఉద్యోగం వచ్చేదాకా మనవరాలు ఆదివారం ఉప్పు ముట్టకూడదు. పడిపోవడం కన్నా మొక్కు తప్పడమంటేనే ఆమెకు ఎక్కువ భయం. నేను వాదించలేదు. ఆ నానమ్మ గారికి కబురు చేశాను.

అచ్చమ్మ గారు మంగళవారం బస్సు దిగి వచ్చారు. చెమట సంగతి, ఉప్పు సంగతి వివరించాను. అంతా విని ఒక్కటే అడిగారు.

"బొండాలు ఎవరు తాగమన్నారండీ?"

"నేనేనండి."

"అయితే సగం తప్పు మీదండి."

"ఆయ్, సగం నాదే."

ఆవిడ కాసేపు మనవరాలి పిక్క నిమురుతూ కూర్చున్నారు.

"మొక్కుకున్నది నేను, నోరు కట్టింది దీనికి. ఈ ఆదివారం నుంచి చప్పిడి నేనే తింటాను. బీపీకి ఉప్పు తగ్గించమని డాక్టరు మూడేళ్ల నుంచి చెప్తున్నాడు, విన్లేదు. ఆ దేవుడు మాటైతే వినక తప్పదు కదండీ."

సత్యప్రియ నవ్వింది. పదిహేను రోజుల్లో ఆమె నవ్వడం నేను చూడడం అదే మొదలు.

ఆ ఆదివారం నేను ఇంటికి వెళ్లలేదు. కనకరత్నం ముద్దపప్పు, మాగాయ వడ్డించి, ఉప్పు వేసిన మజ్జిగ పెద్ద గ్లాసుతో పక్కన పెట్టింది. సత్యప్రియ గ్లాసు వంక కొంతసేపు చూసి, కళ్లకద్దుకుని తాగింది. మర్నాడు మైలు పూర్తి చేసింది. ఒక్క ఫలితం రుజువు కాదని నాకు తెలుసు. అందుకే సంతోషాన్ని మరో వారం వాయిదా వేశాను. మే 29న పదకొండు సెకన్లు మిగిలి ఉండగా గీత దాటింది.

శిబిరం నడిపేవాళ్లు నాకు సన్మానం చేస్తామన్నారు. వద్దని, ఆ శాలువా కనకరత్నానికి కప్పించాను. నేను వెళ్లిపోయిన రోజున ఎవరేం తింటున్నారో ఆవిడ చూసింది. నేను అడిగిన వెంటనే దాచకుండా చెప్పింది. ఆ మేలు నేను మరిచిపోలేదు. సత్యదుర్గారావు గారు కూడా, ఎవరైనా పడిపోతే, కేకలు వేసే ముందు నిన్న ఏం తిన్నావని అడగడం మొదలుపెట్టారు.

సత్యప్రియ 2018లో కానిస్టేబుల్‌గా చేరింది. 2024 నుంచి కొత్తగా చేరే అమ్మాయిలకు శిక్షణ ఇస్తోంది. మొక్కు తీరినా అచ్చమ్మ గారు ఇప్పటికీ ఆదివారం ఉప్పు ముట్టరు.