ముప్పై ఒకటో కార్డు

ఏసీలు బాగుచేసే షెడ్డులో పనికి చేరిన రోజే మేస్త్రి ఆమె చేతిలో ఖాళీ చెప్పుల పెట్టె, ఒక కట్ట తెల్ల కార్డులు పెట్టాడు.

"ఒక కార్డు మీద ఒక్క సంగతే రాయమ్మా. నా మాటలు కాదు, నీకు అర్థమైన మాటల్లో. అడుగున, దీనికి సంబంధమున్న కార్డుల నంబర్లు వెయ్యి, ఎందుకు సంబంధమో కూడా రాయి. తొమ్మిదో తరగతిలో ఆగిపోయానని బెంగపడకు. ఇక ఈ పెట్టే నీకు బడి."

ఆమె తన చంటిపాప నిద్రపోయినప్పుడల్లా ఒక్కో కార్డూ రాసుకుంది. నాలుగు నెలల్లో అరవై అయ్యాయి. ఏసీలో ఐసు ఎందుకు గడ్డకడుతుందో రాసిన కార్డు తీస్తే గాలి సంగతి, అది తీస్తే జల్లెడలోని దుమ్ము సంగతి, తీగ లాగినట్టు వచ్చేవి. రెండు నెలల క్రితం ఆడబిడ్డ బుజ్జి కూడా పనిలో చేరి ఆ పెట్టెతోనే నేర్చుకోసాగింది.

"నీ పెట్టె ముందు కంపెనీల లావు పుస్తకాలు దిగదుడుపే వదినా" అనేది. ఆ మాటకి ఆమె లోలోపల పొంగిపోయేది.

నిన్న బుజ్జి ముప్పై ఒకటో కార్డు చదివింది. 'బయటి ఫ్యాను తిరగకపోతే కెపాసిటర్ విప్పి చూడాలి.' అడుగున ఉన్న పన్నెండు, ఇరవై నాలుగు కార్డులు కూడా తీసి చదివింది. కరెంటు ఆపింది, మూత విప్పింది, వేలు పెట్టింది. ఒక్క కుదుపుకి స్టూలు మీది నుంచి కింద పడింది. రెండు వేళ్లు కాలాయి, మణికట్టు బెణికింది.

కరెంటు ఆపినా కెపాసిటర్‌లో కొంత నిలిచే ఉంటుందని, దాన్ని ఖాళీ చేశాకే ముట్టుకోవాలని పదిహేడో కార్డులో ఉంది. ముప్పై ఒకటి అడుగున మాత్రం పదిహేడు లేదు. ఆ కార్డు రాస్తున్నప్పుడే పాప లేచి గుండీ నోట్లో పెట్టుకుంది. ఆమె కలం పడేసి పరిగెత్తింది. తరవాత వచ్చి కూర్చుని, ఆ సంగతి నాకు తెలుసుగా, పదిహేడు రేపు వేస్తాలే అనుకుంది.

ఈ పొద్దున మేస్త్రి బుజ్జి ఎదురుగా ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. "ఆ కార్డు ఇలా పట్రా. దాంట్లో పదిహేడు రాసి ఉండీ ఈ పిల్ల చూడలేదంటే ఇవాళే పంపించేస్తాను. రాసి లేకపోతే జవాబు నువ్వు చెప్పాలి."

ఆమె తడిక వెనక్కి వెళ్లి పెట్టె తెరిచింది. పనిపోతే? పాప పాలకి? ఇరవై నాలుగు పక్కన పదిహేడు అని రాసేసింది. రాసిన చెయ్యి తనది కానట్టుంది.

మేస్త్రి చదివి కార్డు బుజ్జి ముందు బల్ల మీద కొట్టాడు. "ఇదిగో పదిహేడు! కళ్లు నెత్తికెక్కాయా? కరెంటు పనికి ఈ చెయ్యి పనికిరాదు. ఇంటికెళ్లమ్మా."

బుజ్జి పోట్లాడితే ఆమె మాట్లాడకుండా ఉండగలిగేదేమో. బుజ్జి పోట్లాడలేదు. కట్టుకట్టిన చేత్తో కార్డు అందుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఉందా? మూడుసార్లు చదివానే! నా కళ్లకేమొచ్చింది వదినా? పోనీలే, తప్పు నాదే. అన్నయ్యకి చెప్పకు."

"లేదు" అంది ఆమె. "నిన్న లేదు. ఆ నంబరు ఇందాక నేనే వేశాను. అప్పుడు మర్చిపోయాను, ఇప్పుడు దొంగతనంగా రాశాను."

మేస్త్రి కార్డు అందుకుని పదిహేడు మీద వేలితో రుద్ది చూశాడు. ఆ తరవాత, "నెల్లాళ్లు నువ్వు మిషను ముట్టుకోవద్దు. అరవై కార్డులూ ఈ పిల్ల ముందు కూర్చుని సరిచెయ్యి" అని బయటికెళ్లాడు.

ఆమె బుజ్జి పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకోబోతే బుజ్జి వెనక్కి లాక్కుంది.

"మర్చిపోయావంటే ఏమీ అనను వదినా, పసిపిల్లతో ఉన్నావు. కానీ ఇందాక నా కళ్ల మీద నాకే నమ్మకం లేకుండా చేశావు చూడు."

బుజ్జి ఎడమ చేత్తో మొదటి కార్డు తీసి ఆమె ముందుకు తోసింది.

"గట్టిగా చదువు. దేని అడుగున ఏ నంబరు ఉండాలో ఇక నేనడుగుతాను."