సగం చదివిన గ్రహణం

మా అత్తమ్మ కనకవ్వకు చదువు రాదు. అయినా నంగునూరు దగ్గర మా ఊళ్లో ఆమెకు తెలియకుండా ప్రపంచంలో ఏదీ జరగదు. అదంతా మా బావగారి కూతురు కృతిక పుణ్యం. అది తొమ్మిదో తరగతి. బడిలో పొద్దున ప్రార్థన కాగానే వార్తలు చదివే పని దానిదే. అందుకోసం సైన్సు టీచరు నెలనెలా వచ్చే పత్రికను దాని చేతికిచ్చి ఇంటికి పంపుతారు. రేపు బడిలో చదవబోయేది ముందురోజు సాయంత్రమే వాకిట్లో నానమ్మకు చదివి వినిపించడం దానికి అలవాటు. ఎక్కడ రాకెట్ ఎగిరినా, ఏ దేశంలో మంచుకొండ కరిగినా మొదట తెలిసేది కనకవ్వకే. తెల్లారేసరికి వాడకట్టంతా తెలిసిపోతుంది.

ఎండలో పిల్లలు నిలబడలేరని, వార్తకు రెండు ముక్కలకు మించి చదవొద్దని హెడ్మాస్టరు నియమం పెట్టారు. మా పిల్ల ఆ నియమాన్ని ఇంట్లో కూడా పాటించేది. పైనున్న లావు అక్షరాలు, వాటి కింద మొదటి ముక్క, అంతే, పేజీ తిప్పేసేది. పోనీలే, రెండు ముక్కలైనా ఎవరు చదువుతున్నారని నేనూ మురిసిపోయేదాన్ని.

ఆ సాయంత్రం కృతిక గొంతు సవరించుకుని, రేపు మధ్యాహ్నం సూర్యగ్రహణమనీ, ఆకాశంలో నిప్పుల ఉంగరం కనిపిస్తుందనీ చదివింది. చాటలో బియ్యం చెరుగుతున్న అత్తమ్మ చేయి ఆగిపోయింది. ఆమె పిల్లను చూడలేదు, నా కడుపును చూసింది. నాకు నెలలు నిండాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాల్సింది, మా అమ్మ కాలు విరిగి మంచాన పడటంతో ఇక్కడే ఉండిపోయాను.

గుడి పంతులుకు ఫోన్ చేయించాం. పంచాంగంలో మనకు పట్టే గ్రహణమేమీ లేదన్నాడాయన. అత్తమ్మ ఒప్పుకోలేదు. పంతులు కండ్లద్దాలు మార్చుకోవాలనీ, మా పిల్ల పుస్తకంలో అచ్చేసి ఉందనీ తేల్చేసింది. మర్నాడు పొద్దున టీవీ పెడితే అక్కడా గ్రహణమే. ఏ రాశివాళ్లు ఏం చేయాలో గంటలకొద్దీ చెప్పారు గానీ, అది ఏ దేశంలో కనిపిస్తుందో ఒక్క మహానుభావుడూ చెప్పలేదు.

పగటి అన్నం కాగానే నన్ను లోపలి గదిలో పడుకోబెట్టి కిటికీకి దుప్పటి కట్టింది. నీళ్ల బిందెల మీద, పచ్చడి జాడీల మీద గరకపోచలు వేసింది. కదలొద్దు, గోకొద్దు, కత్తి ముట్టొద్దు. తాటిచెట్టెక్కే పెద్దకొడుకును మాత్రం ఎప్పటిలాగే పనికి పంపింది. తోడికోడలూ పొలానికి పోయింది. మా ఇంట్లో గ్రహణం నా ఒక్కదానికే పట్టినట్టుంది.

నేను డిగ్రీ చదివాను. గ్రహణమంటే నీడ అని నాకు తెలియక కాదు. కానీ కడుపులో బిడ్డ కదులుతుంటే తెలిసిన సంగతులు కూడా ఎంత పిరికివైపోతాయో ఆ రోజు తెలిసింది. పైగా అత్తమ్మది వట్టి మొండితనం కాదు. ఆమె తమ్ముడు ఐలయ్య గ్రహణం మొర్రితో పుట్టాడు. పాలు పట్టలేక వాళ్లమ్మ ఎంత ఏడ్చిందో, ఊరి పిల్లలు వాణ్ని ఎంత ఏడిపించారో చెప్పేటప్పుడు ఈ ముసలామె ఇప్పటికీ కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. అందుకే నోరు మూసుకుని పడుకున్నాను.

ఎండ పొద్దు వాలుతుండగా నడుములో నొప్పి మొదలైంది. కాసేపటికే ఉమ్మనీరు పోయి చీర తడిసిపోయింది. నీళ్లు పోతే క్షణం ఆగకుండా రమ్మని సిద్దిపేట దవాఖానలో డాక్టరమ్మ మరీమరీ చెప్పి పంపింది. అత్తమ్మను పిలిచాను. ఆమె వచ్చి చూసింది, దేవుళ్లందరికీ మొక్కింది. కానీ గడపకు అడ్డంగా కూర్చుంది.

"గ్రహణం ఇడిసేదాక ఓపిక పట్టు బిడ్డా. నీ కాళ్లు మొక్కుతా."

ఆ మాటతో నా కోపం సగం చచ్చింది. అత్త కోడలి కాళ్లు మొక్కుతానంటే ఏం కొట్లాడతాం. మా ఆయన నరేశ్‌కు ఫోన్ చేశాను. ఆటో తీసుకుని ఎగేసుకుంటూ వచ్చాడు. వచ్చి ఏం చేశాడు? వాళ్లమ్మ మొహం ఒకసారి, నా మొహం ఒకసారి చూస్తూ వాకిట్లో నిలబడ్డాడు. కొద్దిసేపు ఆగితే అయిపోతుందేమో అన్నాడు. నేనన్న మాట ఇక్కడ రాయలేను. అతను తలదించుకుని, ఆటో మాత్రం గుమ్మం దాకా తెచ్చి పెట్టాడు.

అప్పుడే బడి వదిలి కృతిక వచ్చింది. నా మూలుగు విని సంచీ అరుగు మీదే పడేసి లోపలికి తొంగిచూసింది. సంగతి తెలియగానే నానమ్మ ముందు కూర్చుని, చంద్రుడు అడ్డం వస్తే పడేది నీడేననీ, నీడ ఎవరి పెదవీ కోయలేదనీ నచ్చచెప్పబోయింది. పత్రికలో వాళ్లు కూడా అలాగే రాసి ఉంటారని, చూపించడానికి పోయి సంచీలోంచి దాన్ని తెచ్చింది.

"నీడకు భయపడ్తలేను బిడ్డా. ఐలయ్య మూతి చూసిన కండ్లు ఇవి," అంది అత్తమ్మ.

కృతిక అప్పటికే పత్రిక తెరిచింది. పేజీ మీద వేలు పెట్టి కిందికి చదువుకుంటూ పోతోంది. వేలు ఒకచోట ఆగింది. తలుపు సందులోంచి నాకు దాని మొహం కనిపిస్తూనే ఉంది. రక్తమంతా ఎవరో తోడేసినట్టు తెల్లబోయింది. ఆ పిల్ల చదివిందంటే అచ్చులో ఉన్నట్టేనని ఊరంతా నమ్ముతుంది. ఆ పేరు పోతుందని దానికి తెలుసు. అయినా నోరు విప్పింది.

"నానమ్మా, గ్రహణం మనకు లేదు."

అత్తమ్మ దాన్ని ఎగాదిగా చూసింది. "నిన్న ఉన్న గ్రహణం గిప్పుడెట్ల పోయింది? చిన్నమ్మ మీది ప్రేమతోని అబద్ధం చెప్తున్నవా?"

"అబద్ధం కాదు. నిన్న నేను సగమే చదివిన. కింద ఉన్నది చదవలే. తప్పు నాదే."

నాకు మరో నొప్పి వచ్చి చాపను గట్టిగా పట్టుకున్నాను. చదువు రానివాళ్లకు కాగితం మీద నమ్మకం ఉండదు, చదివే మనిషి మీదే ఉంటుంది. ఇప్పుడు ఆ మనిషే నిన్నటి మాట తప్పంటోంది. ఇంకెవరైనా అయితే అత్తమ్మ గదమాయించి పంపేసేది. మనుమరాలి కళ్లలోకి చాలాసేపు చూసి, మొదటి నుంచి మళ్లీ చదవమంది.

కృతిక చదివింది. ఈసారి వాక్యం మింగకుండా, అక్షరం వదలకుండా చదివింది. నిప్పుల ఉంగరం అంటార్కిటికాలో కనిపిస్తుంది, దానికి దగ్గరి దేశాల్లో సూర్యుడు కొంత కొరికినట్టు కనిపిస్తాడు, మన దేశంలో ఈ గ్రహణం ఎక్కడా కనిపించదు.

"మన దిక్కు కనబడనే కనబడదా?"

"కనబడదు నానమ్మా. బయటికి వచ్చి చూడు, ఎండ ఎట్లున్నదో."

అత్తమ్మ లేవలేదు, బయటికి పోయి చూడలేదు. తనలో తాను ఏదో అనుకుంది. తర్వాత నిదానంగా అంది.

"కనబడని గ్రహణం మనకు పట్టది. మా అవ్వ సుత గదే చెప్తుండె."

అంతే. నీడ గురించి చెప్పిన సైన్సంతా చేయలేని పనిని ఆ ఒక్క ముక్క చేసింది. గడపకు అడ్డం కూర్చున్న మనిషే నా చంకల కింద చేతులేసి లేపింది. కిటికీ దుప్పటి లాగేసి నాకే కప్పింది. ఆటో వీధిలోకి రాగానే, తలుపులేసుకుని కూర్చున్న ఆడవాళ్లు కిటికీల్లోంచి చూశారు. అత్తమ్మ ఆటోలోంచి తల బయటపెట్టి, గ్రహణం మన దిక్కు లేదనీ, బిందెల మీద గరక తీసేసుకోమనీ అందరికీ చెప్పుకుంటూ వచ్చింది. నిన్న చాటింపు వేసిన నోటితోనే ఇవాళ రద్దు చేసింది. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది.

దవాఖానలో డాక్టరమ్మ కడుపు మీద మిషను పెట్టి విని, నన్ను నేరుగా ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయింది. పేగు బిడ్డ మెడకు చుట్టుకుందట, గుండె మెల్లబడుతోందట. ఆ తర్వాత నాకు గుర్తున్నది ఒక్కటే, బిడ్డ ఏడుపు. అంత కర్కశమైన, అంత కమ్మని చప్పుడు నేనెన్నడూ వినలేదు. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమీ చేయలేకపోయేవాళ్లమని డాక్టరమ్మ బయటికెళ్లి నరేశ్‌కు చెప్పింది. అతను అక్కడే గోడకు ఆనుకుని కింద కూలబడ్డాడట.

చీకటి పడ్డాక నన్ను వార్డులోకి తెచ్చారు. ఆడపిల్ల. అత్తమ్మ బిడ్డను ఒళ్లో పెట్టుకుని చిటికెన వేలితో పైపెదవి తడిమింది. మళ్లీ తడిమింది. అప్పుడు ఏడ్చింది. నా గుండెల మీది బండ దిగినట్టయింది. మా ఆయన మీది కోపం కూడా ఎటో పోయింది, వెతికినా దొరకలేదు.

కృతిక మాత్రం లోపలికి రాలేదు. తలుపు దగ్గర గోడకు మొహం పెట్టుకుని నిలబడింది. రెండుసార్లు పిలిచాను, కదల్లేదు. చివరికి అత్తమ్మే లేచి, చేయి పట్టి లాక్కొచ్చి మంచం మీద నా పక్కన కూర్చోబెట్టింది.

"నా వల్లనే చిన్నమ్మకు గిట్లయింది," అంటూ అది వెక్కుతోంది.

అత్తమ్మ బిడ్డను తెచ్చి దాని ఒళ్లో పెట్టింది. తలకింద చేయి ఎలా పట్టాలో సర్ది చూపింది.

"ఔ, నీ వల్లనే చిన్నమ్మ ఇంట్ల పడి ఉండె. బయటికి ఒచ్చింది సుత నీ వల్లనే. తప్పు చదివిన్నని నువ్వు చెప్పకపోతే గీ పిల్లను మనం చూస్తుంటిమా?"

కృతిక ఏడుపు ఆపి, ఊపిరి కూడా బిగపట్టి, ఒళ్లోని చెల్లెలి మొహం చూస్తూ ఉండిపోయింది.