మొదటిసారి విన్న గంట

ఆదివారం రెండున్నరకి ఆమె హాల్లో తివాచీ చుట్టి గోడవార నిలబెట్టింది. సోఫా మీద పాత దుప్పటి కప్పింది. మూడింటికి గుండీ-కాజా అభిమానులు వస్తారు. పళ్ల డాక్టరు పాట వేస్తే వాన పడుతుంది, కండక్టరమ్మ పాట వేస్తే దుమ్ము లేస్తుంది. వాళ్లు వెళ్లాక తుడుచుకోవాల్సింది తనే కాబట్టి ముందుజాగ్రత్త.

గుండీ-కాజా అంటే ఇద్దరు. గుండ్రంగా ఉండే ఆవిడ గుండీ, సన్నగా చీలికలా ఉండే ఆయన కాజా. ఆవిడ పిల్లలాడుకునే పియానో వాయించేది. ఆయన సైకిలు బెల్లూ, గిన్నె మూతలూ, ఒక్కోసారి తన పళ్లే వాయించేవాడు. ముప్పై ఎనిమిదేళ్లలో ఇరవై రెండు కేసెట్లు. తప్పిపోయిన ఎడమకాలి మేజోడు మీద పాట, అలారం గడియారానికి జోలపాట, మూడు నాలుగు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన లిఫ్టు మీద ఏడు నిమిషాల పాట. ప్రేమ మీద మాత్రం ఒక్కటీ లేదు. మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారని పత్రికలవాళ్లు అడిగీ అడిగీ విసిగిపోయారు. "ఒకే చోట పనిచేసేవాళ్లం" అనేవారు ఇద్దరూ. పోయినేడాది, ఇక చాలనిపించింది అని చెప్పి మానేశారు.

ఎవరి మనసుకైనా మొట్టమొదట పట్టిన పాట వేస్తే, దాన్ని మొదటిసారి విన్న గంట గదిలోకి వస్తుంది. అప్పటి ఎండతో, వాసనతో, చప్పుళ్లతో సహా వస్తుంది. పాట ఆగితే పోతుంది, తడి మాత్రం కాసేపు ఉంటుంది. ఇది అందరికీ తెలిసిందే. డాక్టరుగారి వీధిలో మేజోడు పాట వినబడితే చాలు, ఆరేసిన బట్టలు తీసేస్తారు.

ఆ రోజూ అంతే. డాక్టరు పాటకి ఆయన చదువుకునే రోజుల నాటి ముసురు వచ్చి సోఫా మీద సన్నగా కురిసింది. ఆయన తడుస్తూ, కళ్లు మూసుకుని, "పరీక్ష తప్పిన రోజు. మేజోడు దొరకనివాడు నాకన్నా అన్యాయంగా ఉన్నాడే అనుకుని నవ్వొచ్చింది" అన్నాడు. ప్రతి ఆదివారం అదే మాట అంటాడు. ప్రతి ఆదివారం అందరికీ బాగుంటుంది. తర్వాత కండక్టరమ్మ జోలపాటకి పాత బస్సు డిపో వచ్చింది. డీజిలు వాసన, ఎర్ర దుమ్ము, మొదటి ట్రిప్పుకి ముందు ఉండే బూడిదరంగు వెలుతురు. అందరూ బస్సులో కూర్చున్నట్టే కాస్త ఊగారు.

మాస్టారి వంతు ఎప్పుడూ రాలేదు. ఆయన ఆమె మొగుడు, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పాట మొదలైతే మాస్టారు మాట్లాడ్డం మొదలుపెడతారు. "ఈ మూడో చరణం గమనించండి, ఇక్కడే వీళ్ల తాత్వికత..." అని. చరణాన్ని ఎవరూ గమనించలేరు, ఎందుకంటే ఆయన గొంతు అడ్డం. ఆమె వంతూ రాలేదు. ఆమె వంటింట్లో ఉంటుంది.

కప్పులు కడుగుతుంటే కండక్టరమ్మ వెనకాలే వచ్చింది.

"వదినా, బుధవారం ఒప్పందం మీద సంతకమటగా, గుండీ-కాజా పుస్తకానికి."

"అవునట."

"పదకొండు నోటుబుక్కులు రాసింది నువ్వు. లాండ్రీలో ఇరవై ఆరేళ్లు ఒక చేత్తో ఇస్త్రీ, ఒక చేత్తో రాత. అట్ట మీద పేరు ఆయనదా?"

"టైపు చేయించింది ఆయనే కదమ్మా."

"అయితే టైపిస్టు పేరు వెయ్యమను!"

ఆమెకి నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. ఒకసారి అడిగింది కూడా, పక్కన నా పేరు వెయ్యకూడదా అని. ఇద్దరి పేర్లుంటే పాఠకులు గందరగోళపడతారు అన్నారు మాస్టారు. ముప్పై ఎనిమిదేళ్లు ఇద్దరి పేర్లతో పాడినవాళ్ల మీద పుస్తకం అది. "అయినా నీకు అంకితం ఇస్తున్నాగా" అని చూపించారు. 'వేళకి టీ అందించిన నా అర్ధాంగికి' అని ఉంది. ఆ రోజు ఆమె ఒకే చొక్కా కాలరు ఐదుసార్లు ఇస్త్రీ చేసింది.

బుధవారం పదకొండింటికి ప్రచురణ సంస్థకి ఇద్దరూ వెళ్లారు. ఆమెని తీసుకెళ్లింది టేపురికార్డరు కోసం. దాని మూత ఎక్కడ నొక్కితే తెరుచుకుంటుందో మాస్టారికి తెలీదు. సంగీతం పుస్తకమైతే సంతకానికి ముందు రచయిత తన పాట వేసి తన గంట చూపించాలి. అది అక్కడి పద్ధతి. బాంకులో సంతకం పోల్చుకున్నట్టు.

సంపాదకురాలు చిన్నపిల్ల, ముప్పై దాటి ఉండవు. "నేను వీళ్ల పాట ఒక్కటీ వినలేదు సార్. మీ రాతప్రతి చదివాకే వినాలనిపించింది. మొదటి అధ్యాయంలో మీ హాస్టలు గది రాశారే, లిఫ్టు పాట, అదే వేద్దాం."

ఆమె కేసెట్టు పెట్టి మీట నొక్కింది. గిన్నె మూతల చప్పుడు, వెనకే చిన్న పియానో.

"ఇక్కడ గమనించండి," అన్నారు మాస్టారు, "ఈ లిఫ్టు ఆధునిక మానవుడి..."

గదిలోకి ఆవిరి వచ్చింది. మెల్లగా, తెల్లగా, బల్ల కింద నించి పైకి. గంజి వాసన వచ్చింది, తడి నూలు మీద వేడి ఇనుము వాసన వచ్చింది. నలుగురు ఆడవాళ్ల నవ్వు వినబడింది. గోడ మీద ఎత్తుగా ఉన్న కిటికీ నించి మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా పడి ఆవిరిలో తేలింది. ఎక్కడో ఒక గొంతు, "ఒసేయ్, చొక్కా కాలిపోతోందే!" అంది.

సంపాదకురాలు కాగితాలు తిరగేసింది. "హాస్టలు అని ఉంది సార్ ఇందులో. గంజి వాసనా, కాలిన చొక్కా కూడా ఉన్నాయి. చదివినప్పుడే అనుకున్నాను, హాస్టలు గదిలో గంజి ఎందుకా అని."

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. "ఈవిడ పక్కనుండబట్టి కలిసిపోయింది. ఏమోయ్, నువ్వు కాసేపు బయట కూచో."

ఆమె వసారాలోకి వెళ్లింది. తలుపు మూశారు. కేసెట్టు వెనక్కి తిప్పడం మాత్రం సంపాదకురాలే చేసుకుంది.

పాట మళ్లీ మొదలైంది. "నిజానికి ఈ పాట నేపథ్యం..."

"సార్, మీకో మాట," అంది ఆ పిల్ల. "నేను వినడం ఇదే మొదలు. నచ్చేట్టే ఉంది. నచ్చిందంటే జన్మంతా నాకు ఈ గదే వస్తుంది, మీ మాటలతో సహా. కాస్త ఆగుతారా?"

మాస్టారు ఆగారు. ఎన్నేళ్లకో ఆగారు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఒకరి సంచిలో ఒకరు చెయ్యి పెట్టి తినేవి వెతుక్కుంటున్నారు, పాటలో. గదిలో ఏ గంటా రాలేదు. ఫ్యాను తిరిగింది. బల్ల బల్లలాగే ఉంది. నాలుగో నిమిషంలో తలుపు కింద సందులోంచి తెల్లటి ఆవిరి లోపలికి పాకడం మొదలుపెట్టింది.

పాట అయ్యేదాకా ఆ పిల్ల కదల్లేదు. అయ్యాక నెమ్మదిగా అంది. "చివరిదాకా విన్నవాళ్లకే గదా సార్ గంట వచ్చేది."

"నలభై ఏళ్లుగా వింటున్నాను!"

"ఇంట్లో మోగుతుండి ఉంటుంది సార్."

తలుపు తీసింది. వసారాలో గుమాస్తా ఫైళ్లు తడవకుండా ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. ఆమె గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నుదుటి మీద జుట్టు చెమ్మగిల్లి అంటుకుపోయింది. యాభై ఏడేళ్ల మొహంలో పంతొమ్మిదో ఏటి మధ్యాహ్నం ఇంకా పూర్తిగా దిగలేదు.

"లోపలికి రండి. ఆ చొక్కా కాల్చింది మీరేనా?"

"నేనే. పాట వింటూ ఇస్త్రీపెట్టె ఎత్తడం మర్చిపోయాను. ఆ వారం జీతం కోశారు." ఆమె లోపలికి వచ్చింది, మాస్టారి వైపు చూడలేదు. "నోటుబుక్కులో అదంతా ఉంది. లాండ్రీ కొట్టేసి హాస్టలని పెట్టారు. గంజి తియ్యడం మర్చిపోయినట్టున్నారు."

"నోటుబుక్కులు తెస్తారా?"

"తెస్తాను. ఆఖరి కేసెట్టు మీద ఇంకా రాయాలి. అది ఎవరికీ చూపించలేదు."

"ఏమిటే ఇది, నలుగురిలో..." అన్నారు మాస్టారు.

"ఇక్కడ ఉన్నది ముగ్గురమే," అందామె.

సంపాదకురాలు ఒప్పందం కాగితం ముందుకు లాక్కుని, టైపు చేసి ఉన్న పేరు మీద అడ్డంగా గీత కొట్టింది. ఆ పైన ఖాళీలో పెన్ను మొన ఆనించి ఆమె వైపు చూసింది.

"పేరు చెప్పండి."

వదిన, అక్క, అమ్మ, మాస్టారి ఆవిడ. ఈమధ్య కాలంలో ఆమెని ఎవరూ ఇంకోలా పిలవలేదు. మాస్టారు నోరు తెరిచారు. ఆ పిల్ల తల ఎత్తకుండానే ఎడమ చెయ్యి ఎత్తి ఆయన్ని ఆపింది.

ఆమె తన పేరు చెప్పింది. పెళ్లికి ముందున్న ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడమరిచి, ఆ పిల్ల రాసుకునేదాకా ఆగి ఆగి.