తాడు మీద చెయ్యి వేసిన పిల్ల

ఆవిడకి బడిలో అందరూ పెట్టిన పేరు తాడు టీచర్. ఎదురుగా ఎవరూ అనరు గానీ ఆవిడకి తెలుసు, లోలోపల కాస్త మురిసిపోతుంది కూడా. చరిత్ర అంటే తారీఖులు వల్లె వేయడం కాదని ఆవిడ పట్టుదల. చిలకపలుకులు ఆవిడకి గిట్టవు. తరగతిలో ఈ గోడ నుంచి ఆ గోడకి బట్టలారేసే తాడు కడుతుంది. అట్టముక్కల మీద ఒక్కో సంఘటన రాసి, ఎడాపెడా క్లిప్పులు పెట్టి తగిలిస్తుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తాడు మీద చెయ్యి వేసి, "ఇది జరగబట్టి అది జరిగింది" అని కారణం చెప్పి, ఈ అట్టని ఆ అట్ట పక్కకి జరపాలి. కారణం చెప్పలేకపోతే వెళ్ళి కూర్చోవాలి. నియమం ఒక్కటే. తాడు మీద చెయ్యి ఉన్నంతసేపూ ఆ పిల్లని ఎవరూ మధ్యలో ఆపకూడదు. టీచరైనా సరే.

"కొరివితో తల గోక్కుంటున్నారమ్మా" అని హెడ్మాస్టరు ఆ మొదట్లోనే అన్నాడు. పిల్లలకి అంత చనువిస్తే నెత్తికెక్కుతారని ఆయన బాధ. ఆవిడ విననే లేదు.

బడిలో సగంమంది హాస్టల్ పిల్లలు. ఆ హాస్టల్‌కి వార్డెన్ ఆవిడ భర్తే. బడి వెనకే క్వార్టర్సులో కాపురం. ఆయన నెమ్మదస్తుడు, గొంతు పెంచి ఎరగడు, పిల్లల మీద చెయ్యెత్తిన పాపాన పోలేదు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు సంచీలో కమలాపళ్ళు తెస్తాడు. పళ్ళ దుకాణంవాడు బాగా తెలిసినవాడని చెబుతాడు. ఇంత మంచి మొగుడు దొరకడం నీ అదృష్టమే అని ఆవిడ అక్క వచ్చినప్పుడల్లా అంటుంది. ఆవిడా కాదనదు.

ఆ రోజు పాఠం ఐరోపావాళ్ళ తొలి సముద్రయానాలు. మిరియాలకి గిరాకీ, పాత దారిలో చేతులు మారేకొద్దీ పెరిగే ధర, కొత్త దారి కోసం వెతుకులాట, ఆఫ్రికా కొనని చుట్టి రావడం, నెలల తరబడి నేల కనిపించకపోవడం, నావికుల చావులు. అట్టలన్నీ తాడుకి వేలాడుతున్నాయి.

"మిరియాలు లేకపోతే చప్పగా తినొచ్చుగా టీచర్! దానికోసం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమెందుకు?" అన్నాడు గడకర్ర. పొడుగ్గా ఉంటాడని వాడికా పేరు. రోజూ ఇంటి నుంచి వచ్చే పిల్లాడు.

"ఉప్పు తక్కువైతే కంచం తోసేస్తావని మీ అమ్మ చెప్పింది. నువ్వా మాట్లాడేది?" అంది ఆవిడ. తరగతంతా గొల్లుమంది.

అసలు పాఠం అప్పుడు మొదలైంది. ఓడలో తాజా తిండి అయిపోయి, ఎండు రొట్టె, ఉప్పు మాంసంతో నెలలు గడిపితే మనిషికి ఏమవుతుందో చెప్పింది. చిగుళ్ళు వాస్తాయి. పళ్ళు తోముకుంటే నెత్తురొస్తుంది. కాళ్ళు లాగేస్తాయి. ఎప్పుడో మానిన గాయం మళ్ళీ పచ్చిగా అవుతుంది. చెబుతూ చెబుతూ సంచీలోంచి ఇంటి నుంచి తెచ్చిన కమలాపండు తీసి పైకెత్తి చూపించింది.

"ఆఫ్రికా తూర్పు తీరం చేరాక వాస్కో డ గామా మనుషులకి ఇవి దొరికాయి. తిని తేరుకున్నారు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ అదే రోగం, చాలామంది పోయారు. ఇప్పుడు చెప్పండి, ఏది జరగబట్టి ఏది జరిగింది?"

ఎప్పుడూ నేను నేనంటూ ఎగబడేవాళ్ళు. ఈసారి ఒక్క చెయ్యీ లేవలేదు. హాస్టల్ పిల్లలు కూర్చునే వైపు ఊపిరి వినిపించనంత నిశ్శబ్దం. అందరి చూపూ ఆవిడ చేతిలోని పండు మీదే ఉంది.

చివరికి ఆ వైపు నుంచి పిచ్చుక లేచింది. పిడికెడంత ఉంటుంది ఆ పిల్ల, అందుకే ఆ పేరు. బల్లలు పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చింది. కొన్నాళ్ళుగా అలా కాళ్ళు ఈడుస్తూ నడుస్తుంటే చెప్పులు కరిచాయేమో అనుకుంది టీచరు. పిచ్చుక తాడు మీద చెయ్యి వేసింది.

"తాజా తిండి లేకపోబట్టి ఓడలో వాళ్ళకి చిగుళ్ళు వాచాయి."

"శభాష్. తర్వాత?"

"మాక్కూడా వాచాయి టీచర్."

ఆవిడకి మొదట అర్థం కాలేదు. పిచ్చుక రెండో చేత్తో కింది పెదవి కిందికి లాగి చూపించింది. చిగుళ్ళు ఊదారంగుకి తిరిగి ఉబ్బి ఉన్నాయి. పళ్ళ సందుల్లో నెత్తురు.  పాఠంలో చెప్పే రోగం, ఏనాడో ఓడల్లో ఉండేదనుకున్న రోగం, తన తరగతిలో మూడో బల్ల మీద కూర్చుని తన పాఠమే వింటోంది!

"వానలు మొదలైనప్పటి నుంచి మాకు ఎండు రొట్టె, గంజి, ఉడికించిన గింజలు. అంతే టీచర్. నాకొక్కదానికే కాదు, మా గదిలో అందరికీ ఇలాగే ఉంది."

"కూరలూ పళ్ళూ రావడం లేదా?"

"బండి వస్తుంది. దించేది మేమే. స్టోర్ గదిలో పెడతాం. సాయంత్రానికి ఉండవు."

"ఏమవుతాయి?" అని ఆవిడే అడిగింది. తాడు దగ్గర పిల్లలని ఎన్నేళ్ళుగానో ఇలాగే అడుగుతోంది, నోరు అలవాటు మానలేదు.

"చాలామటుకు పళ్ళ దుకాణానికి పోతాయి." పిచ్చుక తాడుని గట్టిగా పట్టుకుంది. "కొన్ని..."

ఆపు అనబోయింది ఆవిడ. నోరు తెరిచింది కూడా.

"తాడు మీద చెయ్యి ఉంది టీచర్" అన్నాడు గడకర్ర, మెల్లగా.

"కొన్ని మీ ఇంటికొస్తాయి టీచర్" అంది పిచ్చుక.

 ఆవిడ పిల్లలని అలాగే వదిలేసి, వరండా దాటి, ఎదురొచ్చిన లెక్కల మాస్టరు పలకరింపు కూడా వినకుండా స్టోర్ గదికి వెళ్ళింది. గింజల బస్తాల మధ్య భర్త మామూలుగానే, ప్రశాంతంగా నిలబడి ఉన్నాడు.

"ఏవండీ, పిల్లలకొచ్చే పళ్ళు ఎక్కడికి పోతున్నాయి?"

"పిల్లలన్నాక సవాలక్ష అంటారు."

"ఎక్కడికి పోతున్నాయి?"

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. అబద్ధం ఆడతాడనుకుంది. ఆడితే బాగుండునని కూడా అనుకుంది.

"ఇన్నాళ్ళూ ఒలుచుకు తిన్నావే, అప్పుడెప్పుడూ అడగలేదేం?" అన్నాడు, గొంతు పెంచకుండానే.

చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది. ఇరవయ్యేళ్ళు కాపురం చేసిన మనిషి ఈయనేనా?  

"గింజల్లో బలం లేదా? ఏం, చచ్చిపోతారా?"

"చచ్చిపోతారండీ. ఓడల్లో పోయింది అలాగే" అంది ఎలాగో.

"సరే, రేపటి నుంచి పళ్ళు పెట్టిస్తాను. వాళ్ళకి నయమైపోతుంది. నువ్వు మాత్రం నోరెత్తకు. ఇది బయటపడితే నన్ను జైల్లో పెడతారు. ఈ ఇల్లూ ఉండదు, మన పరువూ ఉండదు. గుట్టుగా పోయేదాన్ని రచ్చకెక్కించకు."

నిజం చెప్పాలంటే, ఆవిడ మనసు ఒక్క క్షణం అటే మొగ్గింది. పిల్లలకి పళ్ళు దొరుకుతాయి, సంసారం నిలబడుతుంది, ఎవరికీ ఏ నష్టమూ లేదు. అంత తేలిగ్గా తనకా ఆలోచన వచ్చినందుకు ఆవిడకి తన మీద తనకే దడ పుట్టింది. వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నానికి హాస్టల్ పిల్లలందరినీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి నడిచింది. నడవలేని ఇద్దరిని గడకర్ర, వాడి స్నేహితులు మోశారు. డాక్టరమ్మ ఒక్కొక్కరి నోరూ తెరిపించి చూస్తూ, నలుగురైదుగురు అయ్యేసరికి కుర్చీలో కూలబడింది.

"చదువుకునే రోజుల్లో పుస్తకంలో బొమ్మ చూశాను. కళ్ళారా చూస్తాననుకోలేదు. ఎవరండీ ఆ హాస్టల్ చూసేది?"

"మా ఆయన" అంది ఆవిడ. "పళ్ళు అమ్ముకున్నాడు. పోలీసులకి కబురు పెట్టండి, నేను చెబుతాను."

 డాక్టరమ్మ పిచ్చుక వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు తల్లీ?" అంది.

"టీచర్‌కి తెలుసనుకున్నాం. ఇవాళ ఆవిడే ఆ రోగం గురించి పాఠం చెప్పారుగా. మా చేత పైకి చెప్పించడానికే అనుకుని లేచాను."

డాక్టరమ్మ లేచి వచ్చి ఆవిడ చేతులు పట్టుకుంది. "ఎంత ధైర్యమమ్మా మీది! కట్టుకున్నవాడని కూడా చూడకుండా, ఎంత ఉపాయంగా బయటపెట్టారు!"

"కాదండీ" అంది ఆవిడ. "నాకు తెలియదు. నేను మామూలు పాఠమే చెప్పాను."

పిచ్చుక తలెత్తింది. పొద్దుటి నుంచి బెదరని పిల్ల ముఖం ఇప్పుడు తెల్లబోయింది.

"మీరూ వార్డెన్ సారూ ఒకే ఇంట్లో ఉంటారు కదా టీచర్?" అంది.