ఐదో బటన్

కీబోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. చిన్న తెర మీద అంకెలు వచ్చాయి. మెట్టు నొక్కితే మాత్రం చప్పుడు లేదు. వాల్యూమ్ పెంచాను. చివరిదాకా పెంచాను. అడాప్టర్ పీకి మళ్లీ పెట్టాను. ఇంక లాభం లేదని, దేవుడి మీద భారం వేసి, కనిపించిన బటన్లన్నీ నొక్కేశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పెళ్లయిన కొత్తలో అలిగినప్పుడు మా ఆయన అచ్చం ఇలాగే కూర్చునేవారు.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. అప్పటినుంచి నేను పాడలేదు. పాడాలని అనిపించలేదంటే అబద్ధమే. అనిపించింది, కానీ భయమేసింది. పెళ్లయినప్పటినుంచీ నా పాటకు వాయించింది ఆయనే. ముందు హార్మోనియం, తర్వాత ఈ కీబోర్డు. ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా మార్చుకుని దాని ముందు కూర్చుంటే, నేను కిటికీ వైపు తిరిగి పాడేదాన్ని. మనిషి ముఖం చూస్తూ పాడటం నాకు చేతకాదు. పిల్లలు లేని ఇంట్లో మా సాయంత్రాలు అలా గడిచాయి. ఇప్పుడు సాయంత్రమైతే టీవీ పెట్టి, వార్తలు చదివే అమ్మాయితో వాదన వేసుకుంటాను. ఆ పిల్ల ఒక్కసారీ ఎదురు చెప్పదు, అదే కష్టంగా ఉంటుంది.

ఆయన వాయించినదంతా ఆ కీబోర్డు మెమరీలోనే ఉంది. తనకు ఒంట్లో బాగుండని రోజున నేను పాడకుండా ఊరుకుంటానని, నా పాటలన్నిటికీ వాయించి రికార్డు చేసి పెట్టారు. ప్లే నొక్కితే చాలు, ఆయన వాయిస్తారు. ఈ రోజు ధైర్యం చేసి నొక్కితే ఇదీ వరస. ఆయన ఫొటోలు బోలెడున్నాయి. ఆయన వాయింపు మాత్రం ఈ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు. అది పోతే నేను ఏమైపోతానో నాకే తెలియదు.

మెకానిక్‌కి ఫోన్ చేశాను.

“అమ్మా, ముందు దాని మీంచి చెయ్యి తీయండి. పొరపాటున రీసెట్ అయిందంటే లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది” అన్నాడు.

“ఇప్పటికే అన్నీ నొక్కేశాను బాబూ.”

అవతల తాళాల గుత్తి చప్పుడైంది. తర్వాత “వస్తున్నాను” అన్నాడు.

అతను వచ్చేదాకా కీబోర్డుకి ఎదురుగా, చేతులు ఒళ్లో పెట్టుకుని, కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాను. టీ కూడా పెట్టుకోలేదు.

మెకానిక్ నడివయసు మనిషి. మాటలు తక్కువ, ఆవులింతలు ఎక్కువ. వచ్చీ రాగానే కీబోర్డు వెనక్కి వంగి టార్చి వేసి చూశాడు.

“హెడ్‌ఫోన్ వైరు ఎవరైనా లాగారా అమ్మా?”

“ఇల్లు తుడుస్తుంటే కాలికి తగిలి ఊడొచ్చింది.”

“సగమే ఊడొచ్చింది. పిన్ను కొస విరిగి లోపలే ఉండిపోయింది. హెడ్‌ఫోన్ ఇంకా తగిలించే ఉందని ఇది అనుకుంటోంది. అందుకే స్పీకర్లకి పంపట్లేదు.”

అంటే నేను గింజుకున్నంతసేపూ అది లోలోపల పలుకుతూనే ఉందట. నాకు వినిపించని పలుకు ఎందుకని దాని మీద మండిపోయింది.

సన్నటి పటకారుతో చాలాసేపు తంటాలు పడ్డాడు. ఎట్టకేలకు గోరంత ముక్క బయటికొచ్చింది. మెట్టు నొక్కాడు. వాల్యూమ్ పెంచి వదిలేశాను కదా, ఇల్లు దద్దరిల్లింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. తగ్గించి, ప్లే నొక్కాడు. తాళం మాత్రం టకటకా వచ్చింది, పాట లేదు.

“పోయిందా బాబూ?”

“ఎక్కడికీ పోదు. మీరు కంగారులో పాట భాగాన్ని మూసేసినట్టున్నారు. ఆపి మళ్లీ వేద్దాం. దీని రోగాలు సగం దాంతోనే పోతాయి.”

“మనుషులకి అలాంటి స్విచ్చి పెట్టలేదేం ఆ దేవుడు?”

అతను నవ్వలేదు. ప్రతి ఇంట్లోనూ ఈ జోకే వింటాడు కాబోలు.

ఆపి, వేసి, ప్లే నొక్కాడు. మా ఆయన వాయించారు.

పల్లవికి ముందు ఆ చిన్న గమకం, చరణానికి ముందు నేను ఊపిరి తీసుకోవడానికి ఆయన వదిలే జాగా, అన్నీ ఉన్నాయి. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఎత్తుగడ తప్పుతుందని మింగేసి, కిటికీ వైపు తిరిగి, పరాయి మనిషి ఉన్నాడన్న మొహమాటం కూడా లేకుండా పాడాను.

పల్లవిలోనే ఏదో తేడాగా ఉంది. చరణంలో పై షడ్జం దగ్గరికి వచ్చేసరికి గొంతు చీలిపోయింది. మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నాను. మళ్లీ అక్కడే చీలింది. ఒక్క ఏడాదికే నా గొంతు పోయిందా? నాకంటూ మిగిలింది ఈ పాట ఒక్కటే. ఇదీ పోతే రేపు పొద్దున్న లేవడం దేనికి? నాకు భయం వేస్తే కోపం వస్తుంది. అది ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీద పడుతుంది.

“మీరేదో చేశారు. శ్రుతి పెంచేశారు. ఇది మా ఇంటి శ్రుతి కాదు.”

అతను జేబులోంచి ఫోన్ తీసి, అందులోని యాప్‌తో కొలిచాడు. “సరిగ్గా ఉందమ్మా. కొన్నప్పటి శ్రుతి ఇదే. ఆపి వేస్తే ఎప్పుడూ ఇక్కడికే వస్తుంది.” తెర కింద వరసగా ఉన్న ఎనిమిది బటన్లు చూపించాడు. “సార్ మొదలుపెట్టే ముందు వీటిలో ఏదైనా నొక్కేవారా?”

“నొక్కేవారేమో. నేను చూస్తేగా.”

“వాయించేవాళ్లు తమ ఏర్పాట్లు ఇందులో దాచుకుంటారు.” ఒకటో బటన్ నొక్కాడు. తెర మీద సున్నా వచ్చింది, అంటే మార్పేమీ లేదన్నమాట. రెండు నొక్కితే శ్రుతి ఒక మెట్టు కిందికి. మూడు నొక్కితే రెండు మెట్లు. నాలుగు నొక్కితే మూడు. “పాటకో శ్రుతి పెట్టుకున్నట్టున్నారు.”

“మాకు అన్ని పాటలకీ ఒకటే శ్రుతి” అన్నాను. అంటూ ఉండగానే మా తోటికోడలు గుర్తొచ్చింది.

ఆవిడా పాడుతుంది. యాభై దాటాక శ్రుతి తగ్గించుకుంది. “వయసు మీద పడితే తప్పదులే అక్కా, నాకింకా ఆ అవసరం రాలేదు” అని పదిమందిలో అన్నాను, అదీ ఒకసారి కాదు. అరవై దాటినా పెళ్లినాటి శ్రుతిలోనే పాడుతున్నానని కనిపించిన వాళ్లందరి దగ్గరా గొప్పలు పోయాను. ఆయన పక్కనే ఉండి తల ఊపేవారు.

“నాలుగు పెట్టండి” అన్నాను.

మొదటి స్వరానికే తెలిసిపోయింది. మా ఇంటి శ్రుతి ఇదే.

కూరగాయలవాడితో కూడా అబద్ధమాడలేని మనిషి నాతో ఇన్నేళ్లు ఆడారు! నా గొంతు తడబడినప్పుడల్లా కనిపెట్టి, చెప్పాపెట్టకుండా ఒక్కో మెట్టు దించడం. “చూశారా, ఇంకా ఎలా పలుకుతోందో” అని నేను మురిసిపోతే, “అవును సుమా” అనడం. ఒళ్లు మండిపోయింది. బతికుంటే ఇప్పుడే నిలదీసేదాన్ని. నిలదీసిన తర్వాత ఏం చేసేదాన్నో మెకానిక్ ముందు చెప్పుకునేది కాదు.

అతను ఇంకా నొక్కుతూనే ఉన్నాడు. “ఐదులోనూ ఉందమ్మా, ఇంకో మెట్టు కిందికి. ఆరు, ఏడు... ఎనిమిది దాకా నింపేశారే!”

“మేమెప్పుడూ అంత కింద పాడలేదు.”

“మరెందుకు పెట్టినట్టు?”

నాకు తెలిసింది. అతనికి ఇవ్వాల్సిన డబ్బు కోసం పర్సు వెతికాను.

ఇల్లు తుడిచేటప్పుడు వైర్లు చూసుకోమని చెప్పి అతను వెళ్లిపోయాడు. తలుపు గడియ పెట్టి వచ్చి నాలుగు నొక్కాను. పాడాను. పై షడ్జం అందీ అందనట్టు జారిపోయింది. పంతం పట్టి మళ్లీ పాడాను. మళ్లీ జారింది. వయసు ఒక ఏడాది పెరిగింది, గొంతు ఏడాదిగా మూలపడి ఉంది. ఆయనే ఉంటే ఈపాటికి నా వెనక చప్పుడు కాకుండా ఆ పని కానిచ్చేసేవారు. ఇప్పుడు నా చేత్తో నేనే, కళ్లారా చూస్తూ చేసుకోవాలి. అది ఎంత కష్టమో పగవాళ్లకి కూడా చెప్పను.

ఐదు నొక్కాను. పై షడ్జం హాయిగా వచ్చి కూర్చుంది. పాట చివరిదాకా పాడాను. వాయింపు ఆగింది. బాగుందని ఎవరూ అనలేదు.

ఇంకా మూడు బటన్లున్నాయి. ఒక్కోటీ రెండు మూడేళ్లు వస్తుంది. తను లేకుండా నేనింకా ఎన్నేళ్లు పాడాలని లెక్క వేసి పెట్టారో చూడండి.