పేరు పెట్టని వాక్యం

తడిసి ఆరిన పాత కాగితం వాసన. అయోడిన్ వాసన. రెండూ కలిసి ఉండేవి బర్చినాయ్ వేళ్లకి.

కరకోల్‌లో ఒక మందుల దుకాణంలో ఆమె ఉద్యోగం. మధ్యాహ్నాలు ఎవరూ వచ్చేవారు కాదు. కిటికీ అవతల పాప్లార్ చెట్లు, సరస్సు మీంచి గాలి. ఒళ్లో — మూతపడిన గ్రంథాలయం నుంచి మోసుకొచ్చిన పుస్తకాలు.

నచ్చిన వాక్యం దొరికితే ఫోన్‌లో తన పేజీలోకి ఎక్కించేది. కింద రాసినవారి పేరు. పేరు లేకుండా ఒక్కటీ పెట్టేది కాదు.

పదకొండేళ్లుగా ఇదే.

కిందటి చలికాలం అమ్మ పోయింది. నాలుగు నెలలు మంచంలో ఉండి పోయింది. ఎత్తింది, కడిగింది, తినిపించింది బర్చినాయ్. తమ్ముడు తల్గత్ రాజధాని బిష్కెక్ నుంచి ఫోన్ చేసేవాడు. దారంతా మంచు, ఎలా రాను అనేవాడు.

అమ్మ పోయిన రోజు కూడా అదే మంచు. ఆ రోజు రాగలిగాడు.

నలభై రోజులు గడిచాక ఆమె తన పేజీలో ఇలా రాసింది —

"అమ్మ పోయాకే ఇంట్లోకి చలి వచ్చిందనుకున్నాను. చలి ఎప్పుడూ ఉంది. అమ్మ తలుపుకి అడ్డంగా కూర్చునేది."

కింద పేరు పెట్టలేదు. ఆ పెద్ద పేర్ల పక్కన తన పేరు రాయడానికి చెయ్యి రాలేదు.

ఎవరో ఆ మాటలు తీసుకున్నారు. ఎవరో మంచుకొండ బొమ్మ మీద అద్దారు. ఎవరో కింద ఒక మహాకవి పేరు తగిలించారు — ఎప్పుడో పోయినవాడు, నాది కాదని చెప్పడానికి లేనివాడు. వాక్యం ఊళ్లు తిరిగింది...

ఆమెకు తెలిసింది అమ్మ సంవత్సరీకం రోజున.

బంధువులంతా బారుగా కూర్చున్నారు. వేయించిన బోర్సోక్ రొట్టెలు ఇంకా వేడిగా ఉన్నాయి. తల్గత్ లేచాడు. గొంతు సవరించుకున్నాడు. మహాకవి మాట అంటూ ఫోన్‌లో చూసి చదివాడు. ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు.

"అది నేను రాసింది, తల్గత్."

"ఏది?"

"ఇప్పుడు చదివావే, అది. అమ్మ గురించి రాసుకున్నాను."

వాడు అందరి వైపూ చూసి నవ్వాడు. "అక్క పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉంది. అలిసిపోయింది."

ఆమె పేజీ తెరిచింది. తేదీ చూపించింది. కాలిమా పిన్ని ఫోన్ తీసుకుని వేలితో పైకీ కిందకీ జరిపింది.

"అన్నీ వాళ్లవీ వీళ్లవీ ఎత్తి రాసుకున్నవే కదే ఇందులో. ఇదొక్కటీ నీదెలా అయింది తల్లీ?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"చీటీ చూసి మందులిచ్చేదానివి, నీకెందుకక్కా ఈ పేరు గోల? కూర్చో," అన్నాడు తల్గత్, గొంతు తగ్గించి.

ఆమె కూర్చోలేదు. టీ పోసింది. అందరికీ పోసింది. తల్గత్‌కి కూడా.

మర్నాడు దుకాణంలో, ఆ వాక్యం కింది ఖాళీలో పేరు రాసింది. తనది కాదు.

బూబుకాన్.

బడి వదిలాక కలం పట్టని మనిషి పేరు. ముప్పై ఏళ్లు పరాయి పొలాల్లో బంగాళదుంపలు తవ్విన మనిషి పేరు. అమ్మ పేరు.

సాయంత్రానికి ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు కింద రాశాడు. "ఇది మహాకవి మాట. ఊరూ పేరూ లేనివాళ్ల పేర్లు తగిలించి పాడుచేయకండి."

ఆ మందలింపు బాగుందని అప్పటికే ఒకరు గుండె గుర్తు పెట్టారు. ఒక్కటే గుర్తు. ఎవరిదా అని నొక్కి చూసింది...

తల్గత్. బూబుకాన్ కొడుకు.